ఫ్రీమాంట్ నుంచి శాన్ డియాగో: పొద్దున అలలు, సాయంత్రం స్నేహితులు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. సెప్టెంబర్ చివరి వారంలో బుధవారం నుంచి ఆదివారం దాకా అయిదు రోజులు. మీరూ మీ ఆవిడా ఫ్రీమాంట్‌లో బయల్దేరి హైవే 1 మీదుగా శాన్ డియాగో చేరాలి. దారిలో బీటెక్ నాటి స్నేహితులు నలుగురున్నారు: శాన్ లూయిస్ ఒబిస్పో, థౌజండ్ ఓక్స్, అర్వైన్, శాన్ డియాగో. సర్ఫింగ్ ఊళ్ళు చూడాలి, వీలైతే ఒకట్రెండు చోట్ల నేర్చుకోవాలి. ఈత స్విమ్మింగ్ పూల్ వరకే వచ్చు. ఇదంతా అయిదు రోజుల్లో కుదురుతుందా అన్నది ప్రశ్న.

కుదురుతుంది, కానీ మీ ప్లాన్ తిరగరాయాలి. రోజుకు ఇన్ని మైళ్ళు అని మీరు లెక్క వేసుకున్నారు. ఈ దారిలో ఆ లెక్క నిలవదు. పొద్దున సముద్రానికి, మధ్యాహ్నం రోడ్డుకు, సాయంత్రం స్నేహితులకు అని రోజును పంచుకోండి. తెల్లవారుజామున గాలి పెద్దగా ఉండదు, అలలు నున్నగా వస్తాయి. పది, పదకొండు దాటాక ఎండకు నేల వేడెక్కి సముద్రం మీది గాలిని లోపలికి లాగుతుంది. దాంతో నీళ్ళు చిందరవందరగా తయారవుతాయి. ఇక్కడి సర్ఫర్లు చీకటితోనే నీళ్ళలో దిగి ఆఫీసు టైమ్‌కి బయటికి రావడం ఇందుకే. మీ స్నేహితులు కూడా పనిరోజుల్లో ఎలాగూ సాయంత్రం ఆరు తర్వాతే దొరుకుతారు. మధ్యలో మిగిలినదే డ్రైవింగ్.

హాఫ్ మూన్ బే, పసిఫికా మీ లిస్టులో ఉన్నాయి. తీసేయండి. అవి మీకు ఏ ఆదివారమైనా వెళ్ళి రాగల దూరం. హాఫ్ మూన్ బే దగ్గరి మావెరిక్స్ కోసం అనుకుంటే, అక్కడి కొండలాంటి అలలు చలికాలంలోనే లేస్తాయి. సెప్టెంబర్‌లో మీకు మామూలు సముద్రమే కనిపిస్తుంది. బుధవారం పొద్దున్నే హైవే 17 మీదుగా నేరుగా శాంటా క్రూజ్‌కి వెళ్ళిపోండి. ఆ టైమ్‌లో ట్రాఫిక్ అంతా శాంటా క్రూజ్ నుంచి శాన్ హోజే వైపు వస్తుంటుంది, మీది ఎదురు దిశ. తెల్లారేసరికి బయల్దేరితే ఎనిమిదింటికల్లా కవెల్స్ బీచ్‌లో వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్) తొడుక్కుంటూ ఉంటారు.

మొదటి క్లాసుకు ఈ తీరంలో కవెల్స్‌ను మించిన చోటు లేదని నా అభిప్రాయం. కొండమలుపు చాటున ఉండటం వల్ల పెద్ద కెరటాల బలం తగ్గి, అలలు మెల్లగా, చాలా దూరం సాగుతూ వస్తాయి. నిలబడటానికి టైమ్ దొరుకుతుంది. గ్రూప్ క్లాసు రెండు గంటలకు మనిషికి వంద డాలర్లు అటూ ఇటూ ఉంటుంది, బోర్డు, వెట్‌సూట్ సాధారణంగా అందులోనే కలిసి ఉంటాయి. అద్దెకు బోర్డు తీసుకుని మనమే యూట్యూబ్ చూసి దిగుదాం అనే ఆలోచన మాత్రం వద్దు.

అమెరికా ప్రధాన భూభాగం మీద సర్ఫింగ్ మొదలైన చోటుగా శాంటా క్రూజ్‌నే చెబుతారు. శాన్ మాటియోలో చదువుకుంటున్న ముగ్గురు హవాయి రాకుమారులు 1885లో శాన్ లొరెంజో నది సముద్రంలో కలిసే దగ్గర రెడ్‌వుడ్ పలకల మీద అలలెక్కారు. కవెల్స్‌కు పడమటి పక్కనే స్టీమర్ లేన్ అనే పేరున్న సర్ఫింగ్ చోటు. అక్కడి లైట్‌హౌస్‌లో 1986 నుంచి చిన్న సర్ఫింగ్ మ్యూజియం ఉంది. వారంలో అన్ని రోజులూ తెరవరు, వేళలు చూసుకోండి. మూసి ఉన్నా నష్టం లేదు. రెయిలింగ్ పట్టుకుని నిలబడితే సర్ఫర్లు మీ కాళ్ళ కిందుగా దూసుకుపోతుంటారు. ఇంత దగ్గర నుంచి సర్ఫింగ్ చూడటం చాలా చోట్ల కుదరదు.

ఇక చలి సంగతి. రుషికొండలోనో చెన్నై దగ్గర కోవలంలోనో టీషర్ట్‌తో దిగిన అలవాటు ఉంటే అది మర్చిపోవాలి. బంగాళాఖాతం ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. శాంటా క్రూజ్ దగ్గర నీళ్ళు వేసవి చివర్లో కూడా 14, 15 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. ఉత్తరం నుంచి వచ్చే చల్లటి ప్రవాహం ఒక కారణం. వాయవ్యపు గాలి పైనీటిని తీరం నుంచి దూరంగా తోసేస్తే అడుగున ఉన్న చల్లటి నీళ్ళు పైకి రావడం ఇంకో కారణం. ఇక్కడ 4/3 మందం (ఒంటికి 4, చేతులకూ కాళ్ళకూ 3 మిల్లీమీటర్లు) వెట్‌సూట్ కావాలి. లోపలికి కొద్దిగా నీళ్ళు చేరి ఒంటి వేడికి వెచ్చబడతాయి, రెండు నిమిషాలు ఓర్చుకుంటే చాలు. శాన్ డియాగో చేరేసరికి 20 డిగ్రీలు ఉంటుంది, పల్చటి సూట్ సరిపోతుంది. జాక్ ఓ నీల్ 1952లో శాన్ ఫ్రాన్సిస్కోలో సర్ఫ్ షాపు పెట్టి, వెట్‌సూట్లు కుట్టి అమ్మి, 1959లో శాంటా క్రూజ్‌కి మారాడు. ఆయనా, ఆయనలాంటి మరికొందరూ లేకపోతే ఉత్తర కాలిఫోర్నియాలో ఇంతమంది నీళ్ళలో ఉండేవారు కాదు.

ఈత గురించి ఖచ్చితంగా చెబుతాను. మనలో చాలామంది ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు దాటకుండా పెరిగినవాళ్ళమే. పూల్‌లో ఆగకుండా నాలుగైదు సార్లు అటూ ఇటూ ఈదగలిగి, లోతులో కాలు ఆనకుండా అయిదు నిమిషాలు తేలగలిగితే క్లాసులో చేరండి. అంతవరకూ రాకపోతే బయల్దేరేలోపు నేర్చుకోండి. వెట్‌సూట్ కొంత తేలుస్తుంది కదా అనే ధైర్యం పనికిరాదు. రిప్ కరెంట్ లోపలికి లాగితే తీరం వైపు పోరాడకండి. బోర్డు పట్టుకుని తీరానికి సమాంతరంగా జరిగి, లాగుడు తగ్గాక బయటికి రండి. పడితే తల ముందుకు పెట్టి దూకినట్టు పడకూడదు, వెల్లకిలా పడాలి. పైకి తేలేటప్పుడు చేతులు తలకు అడ్డం ఉండాలి, ఎందుకంటే మీ బోర్డే మీకు తగులుతుంది. బోర్డును ఎప్పుడూ మీకూ అలకూ మధ్య ఉంచుకోకండి. సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి. అలను ముందుగా, అది విరిగే చోటికి దగ్గరగా అందుకున్నవాడిదే ఆ అల. మధ్యలో మనం ఎక్కితే అది తగువు. మొదటి రోజుల్లో మీరు తెల్లటి నురుగులోనే ఉంటారు కాబట్టి ఈ గొడవ మీకు పెద్దగా రాదు.

అలల సమాచారం చెప్పే యాప్‌లో అల ఎత్తు ఒక్కటే చూసి మోసపోకండి. పక్కనే సెకన్లలో ఒక అంకె ఉంటుంది, అలకూ అలకూ మధ్య వ్యవధి అది. మూడడుగులు, ఎనిమిది సెకన్లు అంటే ఆడుకునే అల. అదే మూడడుగులు పదహారు సెకన్లతో వస్తోందంటే ఎక్కడో దూరపు తుఫాను నుంచి బలం కూడగట్టుకుని వస్తోందని అర్థం, తీరానికి వచ్చేసరికి ఇంకా లేస్తుంది. రెండో రకం రోజున గట్టు మీద కూర్చుని చూడండి. షార్క్‌ల గురించి మీ ఆవిడకు టెన్షన్ అన్నారు. ఈ తీరంలో ఉన్నమాట నిజమే, దాడులు మాత్రం చాలా అరుదు. నిజంగా చూసుకోవాల్సింది దక్షిణాది బీచ్‌లలో ఇసుకలో దాక్కునే స్టింగ్‌రేలను, అంటే తోకలో ముల్లుండే చేపలను. అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. గుచ్చితే లైఫ్‌గార్డ్ దగ్గరికి వెళ్ళండి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాలు పెట్టిస్తారు. వాన పడితే మూడు రోజులు సముద్రంలో దిగకండి, ఊరి మురుగంతా అక్కడికే చేరుతుంది.

బుధవారం రాత్రి మాంటెరే చుట్టుపక్కల పడుకోండి. ఊళ్ళో హోటళ్ళు ఖరీదు, పక్కనే ఉన్న మరీనా, సీసైడ్ నయం.

గురువారం బిగ్ సర్. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తున్నారు కాబట్టి సముద్రం మీ కుడి పక్కనే ఉంటుంది, ఆగే చోట్లు చాలావరకు ఎడమకు అడ్డంగా తిరగకుండానే అందుతాయి. ముందు రోజు రాత్రి రోడ్డు తెరిచి ఉందో లేదో రాష్ట్ర రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ వాళ్ళ ఆన్‌లైన్ మ్యాప్ క్విక్‌మ్యాప్‌లో తప్పనిసరిగా చూడండి. ఈ కొండలు ఊరుకునే రకం కావు. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండచరియ రోడ్డును పూడ్చేస్తే మళ్ళీ తెరవడానికి 2018 జూలై దాకా పట్టింది. 2021 జనవరిలో రాట్ క్రీక్ దగ్గర రోడ్డు ముక్కే కొట్టుకుపోయింది. మూసి ఉంటే గూగుల్ చూపించే అడ్డదారి కొండరోడ్లు పట్టకండి. బిక్స్‌బీ వంతెన వరకు వెళ్ళగలిగితే వెళ్ళి చూసి, వెనక్కి వచ్చి సలీనాస్ మీదుగా హైవే 101 పట్టుకోండి.

తెరిచి ఉంటే కార్మెల్‌లో ట్యాంక్ నింపుకుని ఎనిమిదింటికి కదలండి. మీది ఎలక్ట్రిక్ కారైతే మాంటెరేలోనే పూర్తిగా చార్జ్ చేసుకోండి. శాన్ సిమియన్ దాకా తొంభై మైళ్ళ పైచిలుకే అయినా ఆగకుండా నడిపినా రెండున్నర గంటలు పైన పడుతుంది, మీరు ఆగకుండా ఎలాగూ ఉండలేరు. 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెన దగ్గర అందరూ ఆగుతారు, పార్కింగ్ యుద్ధమే. నన్నడిగితే అక్కడ ఓ ఫోటోతో సరిపెట్టి, జూలియా ఫైఫర్ బర్న్స్ పార్కులో మెక్‌వే జలపాతం దగ్గర ఎక్కువసేపు గడపండి. ఎనభై అడుగుల ధార నేరుగా ఇసుక మీద పడుతుంది. పొద్దున పొగమంచు కమ్మేసినా దిగులు పడకండి, చాలా రోజుల్లో మధ్యాహ్నానికి విచ్చుకుంటుంది. వెనక అయిదు బళ్ళు చేరితే పక్కకు తీసి దారి ఇవ్వాలన్నది ఇక్కడి చట్టం. మన కారు ముందు రోడ్డు ఖాళీగా ఉంది కదా అని ముచ్చట్లాడుకుంటూ పోతాం, అద్దం చూసుకోండి.

బిగ్ సర్‌లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. కార్మెల్ దాటేముందు ఒబిస్పో మిత్రుడికి ఫోన్ చేసి, "మళ్ళీ కేంబ్రియా చేరాకే చేస్తాను రా, అప్పటిదాకా ఫోన్ కలవదు" అని చెప్పేయండి. లేకపోతే సాయంత్రం నాలుగింటి నుంచి అతను, వాళ్ళావిడ, ఇండియాలో ఉన్న మీ అమ్మగారితో సహా అందరూ కంగారు పడతారు. వచ్చే టైమ్ కూడా ఏడు అని చెప్పకండి, ఏడు నుంచి తొమ్మిది మధ్య అనండి. శాన్ సిమియన్‌కు కాస్త ముందు పియెద్రస్ బ్లాంకస్ దగ్గర ఎలిఫెంట్ సీల్స్‌ను రోడ్డు పక్క నడకదారి నుంచే చూడొచ్చు, టికెట్ లేదు. పిల్లలు పుట్టే హడావుడి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మీరు వెళ్ళేసరికి ఎక్కువగా కుర్రవి ఒడ్డున పడుకుని ఉంటాయి. వీలైతే మోరో బేలో సూర్యాస్తమయం చూసుకుని ఒబిస్పో చేరండి.

ఇక్కడ స్నేహితుల గురించి ఓ మాట. నాలుగు ఊళ్ళలో నాలుగు రాత్రులు అంటే నాలుగు విందులు. మనవాళ్ళు ఊరుకోరు. బిర్యానీ, గుత్తివంకాయ, ఆపైన స్వీటు, పదకొండు దాటాక కబుర్లు మొదలు. మర్నాడు ఆరింటికి నీళ్ళలో దిగాల్సిన మనిషికి ఇది శిక్ష. ముందే వదినగారికే ఫోన్ చేయండి, మిత్రుడికి చెబితే ఆ మాట వంటింటి దాకా వెళ్ళదు. "రాత్రికి ఉప్మా చాలు వదినా, పెరుగన్నం ఉంటే ఇంకా మంచిది" అని గట్టిగా చెప్పండి. ఎవరింట్లోనైనా చంటిపిల్లలుంటే హోటల్ తీసుకోండి, వాళ్ళు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడొద్దు. ఇంకో సంగతి: సోఫాలో కూర్చుంటే మాటలు ఇళ్ళ ధరలు, గ్రీన్ కార్డు, పిల్లల స్కూళ్ళ చుట్టూనే తిరుగుతాయి. వీలున్నవాళ్ళను బీచ్‌కి రప్పించండి. ఎన్నేళ్ళో అక్కడే ఉంటున్నా సర్ఫ్ బోర్డు ముట్టుకోనివాళ్ళు మనలో ఎక్కువ. మీరు వచ్చారన్న వంక దొరికితే దిగుతారు. వాళ్ళ పిల్లలు మాత్రం మీకంటే ముందు నిలబడతారు, సిద్ధంగా ఉండండి.

శుక్రవారం పొద్దున ఒబిస్పో నుంచి పావుగంటలో పిస్మో బీచ్. అల చిన్నగా ఉంటే ఇంకో క్లాసు తీసుకోవచ్చు. భుజాలు నొప్పులుగా ఉంటే పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) మీద నడిచి బయల్దేరండి, బలవంతం వద్దు. గావియోటా దగ్గర 101 మళ్ళీ సముద్రం పక్కకు చేరుతుంది. పాయింట్ కన్‌సెప్షన్ మలుపు తిరిగాక తీరం దక్షిణం వైపు చూస్తుంది. వేసవిలో దక్షిణం నుంచి వచ్చే అలలను ఛానల్ ద్వీపాలు చాలావరకు అడ్డుకుంటాయి, చలికాలపు వాయవ్య అలలు మాత్రం లోపలికి వంగుతూ వస్తాయి. శాంటా బార్బరా, వెంచురా జిల్లాల సరిహద్దులోని రింకన్‌ను తీరానికి రాణి అంటారు. సెప్టెంబర్‌లో ఆ రాణి దర్శనం ఇస్తుందన్న హామీ లేదు. దాని తర్వాత వెంచురా వైపు మాండోస్ అనే చోటు ఉంది, రోడ్డు పక్కనే కారు ఆపి నేర్చుకునేవాళ్ళను చూడొచ్చు. శుక్రవారం సాయంత్రం 101 నిండిపోతుంది, నాలుగులోపు వెంచురా దాటేయండి.

శనివారం మీకు అనుకోకుండా కలిసొచ్చే దారి ఉంది. థౌజండ్ ఓక్స్ నుంచి 101 మీద తూర్పుకు వచ్చి లాస్ వర్జినిస్ రోడ్డు దిగితే, అదే రోడ్డు కొండల మధ్య నుంచి మాలిబుకు పోతుంది. ఆ రోడ్డు మీదే కలబాసస్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, మాలిబు టెంపుల్ అని మనవాళ్ళందరికీ తెలిసినదే. తెల్లారేసరికి సముద్రం దగ్గర ఉండి, తొమ్మిదింటికి వెనక్కి వచ్చి దర్శనం చేసుకోండి. కారులో ఒక జత పొడి బట్టలు, తుడుచుకోవడానికి మంచినీళ్ళ క్యాన్ ఉంచుకోండి. మాలిబు సర్ఫ్‌రైడర్ బీచ్‌ను 2010లో మొట్టమొదటి ప్రపంచ సర్ఫింగ్ రిజర్వ్‌గా, అంటే అలల కోసం కాపాడుకోవాల్సిన తీరంగా ప్రకటించారు. కొత్తవాళ్ళు దిగే చోటు కాదు, ఒకే అల మీద అయిదారుగురు ఉంటారు. గట్టున కూర్చుని పొడవాటి బోర్డుల మీద అటూ ఇటూ నడిచేవాళ్ళను చూడండి. 2025 జనవరి మంటల్లో పసిఫిక్ పాలిసేడ్స్ నుంచి మాలిబు వైపు తీరం వెంబడి ఇళ్ళు కాలిపోయాయి, ఆ రోడ్డు మేలో మళ్ళీ తెరిచారు. అటుగా వెళ్తే ఖాళీ స్థలాల ముందు ఫోటోలకు ఆగకండి.

హంటింగ్టన్ బీచ్‌లో శనివారం సాయంత్రానికి ఒక చిట్కా. అక్కడి స్టేట్ బీచ్‌లో ఇసుక మీద కాంక్రీటు గుంటల్లో మంట వేసుకోవచ్చు, ముందు వచ్చినవాళ్ళకే. అర్వైన్ మిత్రుణ్ణి మధ్యాహ్నమే వచ్చి ఒకటి పట్టుకోమనండి. మొక్కజొన్న పొత్తులు, నిమ్మకాయ, ఉప్పుకారం తెచ్చుకుంటే ఆర్కే బీచ్ సాయంత్రమే. దారిలో ఆర్టీషియాలో పయనీర్ బులెవార్డ్ దగ్గర ఆగితే మన సరుకులన్నీ దొరుకుతాయి. ఊళ్ళో పియర్ 1,850 అడుగుల పొడవు. పైనుంచి చూస్తే అల ఎక్కడ పుట్టి ఎటు విరుగుతుందో అర్థమవుతుంది, మర్నాటికి పనికొస్తుంది. పసుపు జెండా మీద నల్లటి గుండ్రం ఎగిరితే గట్టి బోర్డులకు అనుమతి లేదని గుర్తు.

ఆదివారం శాన్ ఒనోఫ్రే. పొడవైన మెత్తటి అల, ముసలివాళ్ళూ పిల్లలూ కలిసి ఆడే చోటు, మూసేసిన అణువిద్యుత్ కేంద్రం పక్కనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలకు ఎంపికైన ట్రెసిల్స్ దీనికి కాస్త ఉత్తరాన ఉంది, అది నిపుణులది. ఆదివారం పార్కింగ్‌కు చీకటితోనే క్యూ ఉంటుంది. దొరకదనిపిస్తే ముందే డానా పాయింట్‌లోని డోహెనీలో దిగిపోండి, అది కూడా కొత్తవాళ్ళదే. అర్వైన్ కుటుంబం ఇక్కడికి వస్తే ఇంకా మంచిది. కీ ఫాబ్‌ను వెట్‌సూట్‌లో పెట్టుకోకండి, తడిస్తే కారు తెరుచుకోదు. ఒడ్డున ఒకరు ఉండాలి. బ్యాగులు, లాప్‌టాప్‌లు కారులో పైకి కనిపించకూడదు.

మధ్యాహ్నం ఎన్సినిటాస్‌లో స్వామీస్. కొండ అంచున పరమహంస యోగానంద ఆశ్రమం ఉంది, కింద విరిగే అలకు సర్ఫర్లు ఆయన వల్లే ఆ పేరు పెట్టారు. తోటలోకి ప్రవేశం ఉచితం, సోమవారం మూస్తారు. అక్కడి బెంచీ మీద కూర్చుంటే కింద సర్ఫర్లు కనిపిస్తారు. ఇంకా ఓపిక ఉంటే లా హోయా షోర్స్‌లో మళ్ళీ దిగొచ్చు, స్టింగ్‌రేల సంగతి గుర్తుంచుకుని. శాన్ డియాగో మిత్రుడి ఇంట్లో మాత్రం విందుకు ఒప్పుకోండి, మర్నాడు పొద్దున అలలు లేవు.

తిరుగు ప్రయాణానికి హైవే 1 పెట్టుకోకండి, ఐ-5 మీద ఎనిమిది గంటల పని. సోమవారం తెల్లవారుజామున మూడున్నరకు కదిలితే లాస్ ఏంజెలెస్ ట్రాఫిక్ గట్టిపడేలోపు దాటొచ్చు. లేవలేమనుకుంటే తొమ్మిదింటికి తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరండి. ఈ రెండింటికీ మధ్య బయల్దేరితే రెండు గంటలు అదనంగా లాస్ ఏంజెలెస్‌లోని 405 ఫ్రీవే మీదే గడుస్తాయి.